అర మెట్టు పైన ‘తడిసిన కోటు’

మా తాత రోజెల్ పింకర్డ్‌కి వచ్చింది ఒక్కటే పాట. వెక్కిరించడానికి అంటున్న మాట కాదిది, మా ఇంట్లో అందరూ ఎప్పుడో ఒప్పుకున్న సంగతి. పొద్దున్నే మొక్కజొన్న జావ, రెండు గుడ్లు తిని, మూతి తుడుచుకుని నేలమాళిగలోకి దిగుతాడు. తలుపు వేసుకుంటాడు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన స్టూలు మీద కూచుని ట్రంపెట్ పెట్టె తెరుస్తాడు. ఇక ‘తడిసిన కోటు’ మొదలవుతుంది. అది అయ్యాక కాసేపు నిశ్శబ్దం. వేరే పాట ఎత్తుకుంటాడేమోనని కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు రిక్కిస్తారు. మళ్ళీ ‘తడిసిన కోటు’ వినపడుతుంది. పక్కింటివాళ్ళ కుక్క మొదట్లో కలిసి ఏడ్చేదట. తరవాత దానికీ విసుగొచ్చి మానేసింది.

ఆ పాట కట్టినాయన లెమ్యూల్ స్టోవాల్. మా డెట్రాయిట్ పడమటి పేటల్లో ఆయన పేరెత్తితే ముసలివాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆయన పాటలు ఎన్ని ఊళ్ళు తిరిగాయో గానీ ఆయన మాత్రం ఈ పేటలు దాటేవాడు కాదు. ఈ ఊళ్ళో పియానో ముట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆయన ముందుగదిలో చివాట్లు తిని నేర్చుకున్నవాళ్ళే.

తాత సంగతి మా ఇంట్లో ఇలా చెప్పుకునేవాళ్ళం. కుర్రతనంలో తాత గొప్ప ట్రంపెట్ వాద్యగాడు కావలసినవాడు. ఇంతలో నానమ్మ ఎర్లీన్ తగిలింది, పెళ్ళయింది, వరసగా పిల్లలు పుట్టారు. పాలడబ్బాలు పాటలతో రావు గనక తాత సిటీ బస్సు డ్రైవరుగా చేరిపోయాడు. ఇలా అని తాత నోటితో ఎవరూ వినలేదు. కానీ అందరికంటే గట్టిగా నమ్మింది నానమ్మ. ఎంత కోపంగా ఉన్నా, కింద నుంచి ట్రంపెట్ వినపడగానే మెత్తబడిపోయేది. తాత చొక్కాలు తప్ప ఎవరి బట్టలూ ఇస్త్రీ చేసేది కాదు. “నాకోసం వదులుకున్నాడే పిల్లా, ఈ మాత్రం చెయ్యొద్దూ” అనేది నాతో, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ.

నా చదువు పదకొండో తరగతిలో ఆగింది. లివర్నాయ్ రోడ్డు మీద ఒక దుకాణంలో జడలల్లుతాను. ఆదివారాలు మాత్రం తాతా నానమ్మల కారుకి నేనే డ్రైవర్ని. తాతకి కారు ఇవ్వడం నానమ్మ ఏనాడో మానేసింది. చూపు బాగానే ఉంది, చేతులూ బాగానే ఉన్నాయి, కానీ బస్‌స్టాప్ కనిపిస్తే చాలు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఎవరైనా నిలబడి ఉంటే తలుపు తీసేదాకా వెళ్ళేవాడు.

చిన్నప్పుడు నేను ఆ నేలమాళిగ మెట్ల మీద కూచుని హోంవర్కు చెయ్యకుండా తప్పించుకునేదాన్ని. ఒకసారి మా బాబాయి స్టోవాల్ గారి పాత రికార్డు పెట్టాడు. ‘తడిసిన కోటు’ మొదటిసారి అసలు మనిషి చేతుల మీద విన్నాను. వింటూనే, మన రికార్డ్ ప్లేయరు బిగువు తగ్గింది, పాట కిందికి జారిపోతోంది అని చెప్పాను. ఎందుకంటే తాత వాయించేది దానికంటే ఒక్క పిసరు పైన ఉంటుంది. తాత ప్లేయరు మూత వేసేసి, నాకు రెండు చిప్స్ పొట్లాలు కొనిపెట్టాడు.

స్టోవాల్ గారు పోయిన వసంతంలో కన్నుమూశారు. ఆ రోజు తాత కిందికి దిగాడు గానీ ట్రంపెట్ తియ్యలేదు. నానమ్మ కాఫీ తీసుకుని వెళ్ళి, స్టూలు మీద ఊరికే కూచున్న మనిషిని చూసి, ఓదార్చడం చేతకాక ఎప్పటిలాగే దెప్పింది. “ఆయన పోయాడు. ఇక ఎవరికి వినిపిద్దామని? ఫర్నేసుకా?”

ఏడాది తిరిగేసరికి మా బెత్‌సైదా బాప్టిస్ట్ చర్చి వెనక హాల్లో ఆయన పేరున కచేరీ పెట్టారు, ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక. స్టోవాల్ గారి శిష్యురాలు రెనీటా ఓట్స్ పియానో, ఆమెతో బేస్, డ్రమ్స్ వాయించే ఇద్దరు కుర్రాళ్ళు. మొదటి సగం వాళ్ళది. రెండో సగంలో పేటలో వాయిద్యం పట్టగలిగినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ఆయన పాట ఒకటి వాయించాలి. నానమ్మ ఎవర్నీ అడక్కుండా తాత పేరు ఇచ్చేసింది. పాస్టరుగారు వేదిక మీద నుంచి ఆ పేరు చదివినప్పుడు తాత పక్కకి తిరిగి, ఇంకో రోజెల్ పింకర్డ్ ఎవరైనా ఉన్నాడేమోనని వెతికాడు.

నానమ్మ మీద ఎగురుతాడనుకున్నాను. ఎగరలేదు. ఇంటికొచ్చి బూట్లకి పాలిష్ పెట్టాడు. కచేరీ ఇంకా చాలా దూరం ఉంది. పొద్దున్న వాయించేది సాయంత్రం కూడా వాయించడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను కిందికి వెళ్తే, గుడ్డతో మీటలు తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: “ఒక్కసారి పిల్లా. నలుగురి ముందు, మొదట్నుంచి చివరిదాకా, తప్పు లేకుండా. ఆ తరవాత ఈ పెట్టె అటక మీద పెట్టేసినా నాకు బెంగ లేదు.” తాత అలా తన మనసులో మాట చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మీసం కత్తిరించుకో తాతా, ట్రంపెట్‌కి గుచ్చుకుంటోంది అన్నాను.

కచేరీ రోజు ముందు సీట్లో తాత, ఒళ్ళో పెట్టె. వెనక నానమ్మ, ఊదారంగు టోపీతో, ఆ టోపీకి కారు కప్పు చాలక తల కాస్త పక్కకి వంచి. తాత మరీ బిగుసుకుపోయి ఉన్నాడని, కులాసాగా ఉంటుందని నా ఫోన్లో స్టోవాల్ గారి రికార్డు పెట్టాను. పాట నడుస్తుండగా, ఇది ఇప్పటికీ నీ పాటకంటే కిందికే ఉంది తాతా, ఫోన్లో కూడా బిగువు తగ్గుతుందా అని నవ్వాను.

తాత నవ్వలేదు. కాసేపు విని, ఆపమన్నాడు. తరవాత, రెనీటా వాళ్ళు ఇది రికార్డులో ఉన్నట్టే వాయిస్తారా అని అడిగాడు. ఆయన పేరున పెట్టిన కచేరీలో ఆయన వాయించినట్టు కాక ఇంకెలా వాయిస్తారు అన్నాను.

“కారు తిప్పు,” అన్నాడు.

నానమ్మ ముందుకి వంగింది. ఒంట్లో బాలేదా, ఛాతీలో నొప్పా అని వరసగా అడిగింది. అవేవీ కాదు. కారు తిప్పమంటే తిప్పమనే. నేను తిప్పలేదు. తిప్పకుండా, వేగం తగ్గించకుండా, ఏమయిందో చెబితే ఆలోచిస్తానన్నాను. అప్పుడు చెప్పాడు తాత, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ.

పంతొమ్మిదేళ్ళప్పుడు, నానమ్మని ఇంకా చూడకముందు, వాళ్ళ నాన్న సూటు తొడుక్కుని డెక్స్‌టర్ వీధిలో స్టోవాల్ గారు వాయించే చోటికి వెళ్ళాడట. అక్కడికి వచ్చిన కుర్రాళ్ళని పైకి పిలిచి ఒక పాట వాయించనిచ్చేవారు. కాగితాలుండవు. ఏ శ్రుతిలో ఎత్తుకుంటున్నారో చెప్పడమూ ఉండదు, చెవితో పట్టుకోవాలి. తాత ‘తడిసిన కోటు’ రికార్డు విని, అరిగేదాకా విని, కంఠతా పట్టుకుని వెళ్ళాడు. అది బీ ఫ్లాట్‌లో కట్టిన పాట. ట్రంపెట్‌కి అంత సుఖమైన శ్రుతి ఇంకోటి లేదు. స్టోవాల్ గారు ఈయన్ని ఎగాదిగా చూసి, పాట పేరు అడిగి, అదే పాటని అర మెట్టు పైకెత్తి, బీలో మొదలుపెట్టారు. పియానో మీద ఉన్న నల్లమెట్లన్నీ తగిలే శ్రుతి అది. వినేవాళ్ళకి పాట అదే. కానీ ట్రంపెట్ మీద ఏ స్వరానికి ఏ మీట నొక్కాలో ఆ వరసంతా తలకిందులైపోతుంది.

తాత మొదటి స్వరం అన్నంలో రాయిలా తగిలిందట. రెండోది అంతకంటే పెద్ద రాయి. స్టోవాల్ గారు వాయించడం ఆపకుండానే, గడ్డం ఎత్తి తలుపు చూపించారు. జనం నవ్వారు. తాత తలుపు చూసుకున్నాడు.

“వెళ్ళిపోయి ఏం చేశావు?” అన్నాను.

“బీలో నేర్చుకున్నా. పక్కాగా వచ్చాక మళ్ళీ వెళ్దామని. వచ్చింది కూడా. కానీ ఇంకాస్త నున్నగా వస్తే బాగుండుననిపించేది. అలా అలా...” అని చేయి ఊపాడు. ఆ ఊపులో ఉద్యోగమంతా, నలుగురు పిల్లలు, నేనూ కొట్టుకుపోయాం. “మనసులో ఎప్పుడు అనుకున్నా ఆయనే పియానో ముందుండేవాడు. బీలోనే ఎత్తుకునేవాడు. ఆయన ఉండడని, వేరేవాళ్ళు మామూలు శ్రుతిలో వాయిస్తారని ఇప్పటిదాకా తట్టలేదు పిల్లా. అందులో నాకు రాదు. ఎప్పుడో మర్చిపోయాను.”

నేను నవ్వు ఆపుకోలేక కారు పక్కకి తీసి ఆపాను. ఒకే రూటులో బస్సు నడిపిన మనిషి అంటే ఇదీ. పక్క వీధిలో తోలమంటే ఊరే తెలియదు. నా నవ్వు వెనక సీటు వైపు చూసేదాకా సాగింది. నానమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ముఖం చూస్తే కోపమో ఏడుపో తెలియలేదు.

“అంటే, నాకోసం మానలేదా నువ్వు?”

“నీకోసమని నేనెప్పుడన్నాను, ఎర్లీన్?”

“అనలేదు. నేననుకున్నాను. నీ బతుకు పాడుచేశానని ఇన్నేళ్ళుగా నీ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను రోజెల్.” ఆగి, పెద్ద ఊపిరి వదిలింది. “దేవుడా, నీకు స్తోత్రం.” తరవాత ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది, టోపీ మీద ముఖం పెట్టుకుని. నాకు తెలిసి ఇంట్లో ఎవరి బరువూ అంత తేలిగ్గా దిగిపోలేదు. తాత మాత్రం మా ఇద్దరినీ చూసి, ఈ వంశంలో ఒక్కరికీ సిగ్గులేదు అని గొణిగాడు.

ఇక వాదన. రెనీటాని బీలో వాయించమని అడిగితే పోయేదేముంది అని నానమ్మ. అడగకూడదంటాడు తాత. ఆయన కట్టిన శ్రుతిని ఆయన పేరున పెట్టిన సభలో మార్చమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు? అడిగితే ఎందుకని అంటారు. ఎందుకో చెబితే, డెక్స్‌టర్ వీధిలో ఆ రోజు నవ్విన జనం సరిపోక ఈ చర్చి జనమంతా నవ్వుతారు. పాస్టరు, కేకులు పంచే అమ్మగార్లు, బస్సు డిపోలో తాతని పెద్దమనిషి అనుకునే పాత స్నేహితులు, అందరూ. వాయించాలంటే గెంటించుకున్న సంగతి బయట పెట్టాలి. దాచుకోవాలంటే వాయించకూడదు. ఇదీ తాతకి పడ్డ చిక్కు. చర్చి వెనక కారు ఆపేసరికి కూడా అది తెగలేదు. నానమ్మే ముందు దిగి, ట్రంపెట్ పెట్టె లాక్కుని లోపలికి నడిచింది. పెట్టె వెంట తాత నడిచాడు. తాతని వదిలి ఆ పెట్టె ఎక్కడికీ వెళ్ళలేదు గనక, దాన్ని వదిలి తాతా ఉండలేడు.

హాలు నిండిపోయింది. వేయించిన చేప వాసన వంటగదిలోంచి వస్తూనే ఉంది, కానీ కచేరీ అయితే గాని పళ్ళేలు ఇవ్వరు. రెనీటా మొదటి సగం ఎంత బాగా వాయించిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నేను తాత వేళ్ళే చూస్తూ కూచున్నాను, అవి మోకాలి మీద బీ మీటల వరస నొక్కుతూనే ఉన్నాయి. రెండో సగంలో ఒకాయన బారిటోన్ అనే పెద్ద బాకా ఊదాడు, ఒక అమ్మాయి వయొలిన్ వాయించింది. ఆ తరవాత రెనీటా నవ్వుతూ తాత పేరు పిలిచి, ‘తడిసిన కోటు’ అని చెప్పింది.

తాత లేచాడు. పారిపోతాడేమోనని నానమ్మ ఆయన కోటు అంచు పట్టుకుంది, ముందుకే నడుస్తున్నాడని తెలిశాక వదిలింది. వేదిక ఎక్కి, ట్రంపెట్ మూతి దగ్గర పెట్టుకున్నాడు, దించాడు. రెనీటా కాలితో తాళం వేసి, మొదటి స్వరాల మీదికి చేతులు తెచ్చింది. తాత చెయ్యి ఎత్తి ఆపాడు. పియానో దగ్గరికి వంగి ఏదో అన్నాడు. మైకు పక్కనే ఉంది గనక మాకు వినపడింది.

“అమ్మాయ్, ఇది బీలో వాయిస్తావా?”

“బీ ఫ్లాట్‌లోనే కదా, పింకర్డ్ గారూ.”

“కాదమ్మా. బీలో. నాకు అందులోనే వచ్చు.”

రెనీటా చేతులు మెట్ల మీద అలాగే ఆగిపోయాయి. తాత ముఖంలోకి చూసింది. తాత చూపు నేల మీద ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉన్నట్టుండి తల వెనక్కి వాల్చి నవ్వింది. అది ఎవర్నీ తక్కువచేసే నవ్వు కాదు, చాలాకాలానికి సొంత ఊరి మనిషి దొరికినట్టు ఉంది. మైకు దగ్గరికి జరిగి, హాలు మొత్తానికి చెప్పింది.

“స్టోవాల్ గారు ఈయన్ని కూడా పంపించేశారన్నమాట.”

నానమ్మ గోళ్ళు నా మోచేతిలో దిగాయి. అప్పుడు మూడో వరసలో మా చర్చి పెద్ద డీకన్ మోజ్లీ గారు, ఆరాధనలో తల తిప్పడం కూడా పాపమన్నట్టు కూచునే మనిషి, మెల్లగా చెయ్యెత్తారు. “నన్ను కూడా,” అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఇంకో మాట కలిపారు. “నన్ను రెండుసార్లు.” ఆయన పక్కన కూచున్న భార్య పూర్తిగా ఆయన వైపు తిరిగింది. ఆ సంగతి ఆమెకి కూడా ఆ రోజే తెలిసినట్టుంది.

తరవాత వెనక నుంచి ఒక గొంతు, కిటికీ పక్కన ఇంకొకటి. చర్చిలో ఆర్గన్ వాయించే మిస్ ఆల్బర్టా, పదహారేళ్ళప్పుడు తననీ అలాగే గడ్డంతో తలుపు చూపించారని, ఏడుస్తూ ఇంటికి పోయి నల్లమెట్లన్నీ అరిగేదాకా నేర్చుకున్నానని చెప్పింది. రెనీటా తన సంగతీ చెప్పింది. ఆమెనైతే ఇంట్లోంచే పంపేశారట, ఆయన ముందుగది నుంచి వీధిలోకి. మర్నాడు మళ్ళీ వెళ్ళి తలుపు కొడితే, బీలో వచ్చిందా అని అడిగి లోపలికి రానిచ్చారు. ఆయనకి అందరికీ ఒకటే పరీక్ష. ఓడినవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికి వాళ్ళు నేలమాళిగల్లో, గరాజుల్లో, పిల్లలు పడుకున్నాక వంటిళ్ళలో, ఒకే పాటని అర మెట్టు పైకెత్తి సాధన చేసుకుంటూ కూచున్నారు. పడమటి పేటల ముసలివాళ్ళకి ‘తడిసిన కోటు’ అంటే బీనే.

తాత నిలబడ్డ చోటే నిలబడి అందర్నీ చూస్తున్నాడు. డ్యూటీలో ఏళ్ళ తరబడి ఒక్కడే బస్సు తోలుతున్నాననుకుని, వెనక్కి తిరిగి చూస్తే సీట్లన్నీ నిండి ఉన్నట్టుంది ఆ ముఖం. డీకన్ మోజ్లీ శాక్సొఫోన్ పెట్టె లోపలికి తెచ్చుకోలేదు, కారులో ఉందని పరిగెత్తారు. ఆయన పరిగెత్తడం మా చర్చి ఎన్నడూ చూడలేదు. మిస్ ఆల్బర్టా వేదిక పక్కన ఉన్న ఆర్గన్ తెరిచింది. రెనీటా ఈసారి తాళం గట్టిగా వేసి, బీలో ఎత్తుకుంది.

మా తాత వాయించాడు. ఫర్నేసు పక్కన విన్న పాట, పెద్ద హాల్లో గోడలకి తగిలి తిరిగొస్తుంటే, ఇంత దూరం చేతులు చాచగల పాటా ఇది అనిపించింది. మధ్యలో పాట మలుపు తిరిగే చోట ఒక స్వరం పగిలింది. నాకు తెలుసు, నానమ్మకి తెలుసు, ఆ పక్కింటి కుక్కైనా పట్టేసేది. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు. పగిలిన చోట ఆగకుండా దాటేశాడు. తరవాతి వంతు శాక్సొఫోన్‌కి ఇచ్చాడు. డీకన్ గారు వాయించినదాంట్లో రాళ్ళు ఇంకా ఎక్కువున్నాయి, జనం ఇంకా ఎక్కువ చప్పట్లు కొట్టారు. చివరికి అందరూ కలిసి పాట దించారు. తాత ట్రంపెట్ కిందికి దించి, జేబురుమాలుతో మెడ తుడుచుకుని, వేదిక వెనక తగిలించిన స్టోవాల్ గారి బొమ్మ వైపు ఒకసారి గడ్డం ఎత్తాడు.

పళ్ళేలు వచ్చేసరికి తాతని మోజ్లీ గారి బల్ల దగ్గరికి లాక్కుపోయారు. అక్కడ గెంటించుకున్నవాళ్ళంతా చేరి, ఎవర్ని ఎక్కువ ఘోరంగా గెంటారని పోట్లాడుకుంటున్నారు. రెండుసార్లు పంపించినందుకు మోజ్లీ గారిదే పైచెయ్యి అని తేలింది. తనని చూసి జనం నవ్వారు గనక తనదీ రెండుసార్ల కింద లెక్కేయాలని తాత వాదించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. నానమ్మ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, పెద్ద చేప ముక్క పెట్టిన పళ్ళెం తాత ముందు పెట్టి, మిస్ ఆల్బర్టా పక్కన కుర్చీ లాక్కుని కూచుని, పెళ్ళినాటి నుంచి తను ఏమనుకుంటూ వచ్చిందో మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. బల్లంతా పడీపడీ నవ్వారు. తాత కూడా.

డ్రమ్స్ వాయించిన కుర్రాడు కేకు ముక్క పట్టుకుని అటుగా వచ్చాడు. చాలా బాగా వాయించారు సార్, వచ్చేనెల ఇక్కడే ఇంకో కచేరీ ఉంది, ఇంకేం పాటలు వాయిస్తారు అని మర్యాదగా అడిగాడు. నేను తాత వైపు చూశాను.

“ఇంకేం రావు నాయనా. ఇదొక్కటే వచ్చు,” అన్నాడు తాత. ఎక్కడా దాచుకోలేదు, ఎక్కడా తడుముకోలేదు. అని, మోజ్లీ గారి ముందున్న హాట్ సాస్ సీసా అందుకుని, చేప మీద ధారాళంగా పోసుకున్నాడు.